గుట్టూ రట్టూ

మగవాడు చీర కట్టడం మా చిత్తూరు సీమలో వింత కాదు. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చిందంటే చాలు, మామూలు రోజుల్లో మీసం మెలివేసి తిరిగే వస్తాదులు కూడా ముఖాన పసుపు పూసుకొని, కాటుక దిద్దుకొని, పూలజడలు తగిలించుకొని వీథిలోకి వస్తారు. మొక్కు మొక్కే మరి! ఇంట్లో ఆడవాళ్లే దగ్గర కూర్చొని కుచ్చిళ్లు సర్దుతారు. కొంగు జారకుండా పిన్నులు గుచ్చుతారు. అందుచేత 2024 డిసెంబరులో "పుష్ప" రెండవ భాగం విడుదలై, అందులో అల్లు అర్జున్ గంగమ్మ జాతర ఘట్టంలో చీర కట్టి, చేతినిండా గాజులతో, మెడలో దండలతో చిందు వేసినప్పుడు తక్కిన దేశం ఆశ్చర్యపోయిందేమో గాని, మావాళ్లు మాత్రం "మన జాతరే కదప్పా!" అనుకున్నారు. హాలులో ఈలలకు చెవులు గింగుర్లెత్తాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా కాలేజీ వరండాలో మరో ఈల విన్నాను. నడక కాస్త మెత్తగా, మాట కాస్త సన్నంగా వుండే పిల్లవాడొకడు పుస్తకాలు గుండెకు హత్తుకొని పోతూవుంటే, స్తంభం చాటునుంచి వచ్చింది ఆ ఈల. దాని వెనకే "ఆడంగి" అన్న మాట. ఈల వేసినవాడు ముందు రోజు సాయంత్రం ఆ సినిమాకు వెళ్లి, చీర కట్టిన కథానాయకుడికి కాగితాలు చల్లి వచ్చినవాడే.

ఆ రెండు ఈలల సంగతి ఆలోచిస్తూ వుంటే నాకు ఈ మధ్య ఎక్కడ చూసినా వినబడుతున్న మరొక ముచ్చట గుర్తుకు వచ్చింది. టీ బంకు దగ్గర, బస్సులో, మా అధ్యాపకుల గదిలో, ఆఖరికి పెండ్లి భోజనాల పంక్తిలో కూడా అదే ప్రశ్న: "ఫలానా హీరో ఇన్నేళ్లు వచ్చినా పెండ్లి ఎందుకు చేసుకోలేదంటావు?" అడిగినవాడే కన్ను గీటుతాడు. సెల్‌ఫోనులో యూట్యూబు తెరిస్తే చాలు, ఎవరో నటుడి ముఖం చుట్టూ ఎర్ర గీత గీసి, పక్కన పెద్ద ప్రశ్నార్థకం పెట్టి, పది నిమిషాల కథ వినిపిస్తారు. చివరిదాకా విన్నా అందులో ఏమీ వుండదు. ఎవరో అన్నారట, ఎవరో విన్నారట! పాఠకులలో ఎవరైనా ఆ "ఫలానా" ఎవరో ఇక్కడ తెలుస్తుందని పేజీ తిప్పివుంటే వారికి ఆశాభంగం తప్పదు. ఆ జాబితా నా దగ్గర లేదు, వున్నా రాయను. నేను రాయదలచినది ఆ ప్రశ్న గురించి. అది ఎక్కడ పుట్టింది, ఎవరికి కూడు పెట్టింది, ఎవరి కొంప తీసింది అనే సంగతి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో వేసవికాలం ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీథినాటకం. అర్జునుడు పొడుగాటి మానెక్కి తపస్సు చేసే రోజు చుట్టుపక్కల పల్లెలన్నీ ఖాళీ అవుతాయి. ఆఖరి రోజు మట్టితో పోసిన దుర్యోధనుడి బొమ్మ దగ్గర భీముడు తొడ విరగగొట్టిన తరవాత ద్రౌపది విరబోసిన జుట్టు ముడుచుకొంటుంది. ఆ ద్రౌపది తరతరాలుగా మగవాడే. మా పెద్దమండ్యం దిక్కున నా చిన్నతనంలో ద్రౌపది వేషం కట్టే ఆయన పగలు వేరుశెనగ చేలో గుంటక తోలేవాడు; నలుగురు బిడ్డల తండ్రి. రాత్రి ఆయన జుట్టు విరబోసుకొని సభలోకి వస్తే మా అవ్వ చేతులెత్తి దణ్ణం పెట్టేది. పొద్దున అదే మనిషి మా వాకిట్లోకి మజ్జిగకోసం వస్తే "ఏమిరా" అని పలకరించేది. రెంటికీ మధ్య మా అవ్వకు తికమక ఎన్నడూ లేదు. రాత్రిది వేషం, పొద్దుటిది మనిషి.

ఈ తేడా పల్లె ముసలమ్మకు తెలిసినంతగా చదువుకున్న మనకు తెలియకుండా పోవడమే విచిత్రం. తరగతిలో "కన్యాశుల్కం" చెబుతూ మధురవాణి పాత్రను రంగస్థలంమీద జీవింపజేసిన స్థానం నరసింహారావుగారి మాట ఎత్తుతాను. బాపట్లలో 1902లో పుట్టి, తెనాలి రామవిలాస సభ నాటకాలతో పేరు పొంది, సత్యభామగా, చిత్రాంగిగా, చింతామణిగా, దేవదేవిగా ఆంధ్రదేశాన్ని వుర్రూతలూపిన మహానటుడు ఆయన. ఆడవేషాలతోనే కీర్తి గడించి 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన చీరకట్టు చూసి కులస్త్రీలు కట్టు నేర్చుకున్నారని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంతా చెప్పి, ఒక్క అడుగులో సత్యభామ అహంకారం, మరుసటి అడుగులో ఆమె బేలతనం ఎలా చూపించాలో ఆలోచించండర్రా అంటాను. వెనక బెంచీలోంచి ప్రతి సంవత్సరం ఒకే ప్రశ్న వస్తుంది: "సార్, ఆయనకు పెండ్లయిందా?"

కూచిపూడి సత్యభామ వేదాంతం సత్యనారాయణశర్మగారికీ ఇదే మర్యాద జరుగుతూ వుంటుంది. ఆయనకూ పద్మశ్రీ వచ్చింది, 2012లో గతించారు. అరవయ్యో పడిలో వున్న మగవాడు జడ ముందుకు వేసుకొని నిలబడితే పదహారేళ్ల సత్యభామ కనిపించేదని చూసినవారు చెబుతారు. మన బళ్లారి రాఘవగారికి ఈ పద్ధతే నచ్చేది కాదు. ఆడవేషం ఆడవాళ్లే కట్టాలని పట్టుబట్టి ఆ రోజుల్లోనే స్త్రీలను రంగస్థలం ఎక్కించారు. అది కళ గురించిన వాదం. అందులో న్యాయం వుంది కూడా. కాని వేషం చూసి మనిషి పడకగది తలుపు తట్టడం కళావిమర్శ కాదు.

ఇక్కడ మూడు సంగతులు విడివిడిగా చెప్పుకోవాలి. మనవాళ్లు మూటగట్టి ఒకటే చేస్తారు గనక. ఆడవేషం కట్టడం ఒకటి, అది వృత్తి. పుట్టుకతో మగవాడనిపించుకొన్నా తాను ఆడదాన్నేనని లోపల తెలియడం మరొకటి. "జబర్దస్త్" అనే టెలివిజను హాస్య కార్యక్రమంలో ఆడవేషాలు వేసిన సాయితేజ తరవాత ప్రియాంకా సింగ్‌గా మారి, 2021లో "బిగ్ బాస్" తెలుగు ఐదవ వరసలో అందరి ఎదుటా తన కథ చెప్పుకొన్నది. అది ఈ రెండవ కోవ. మగవాడు మగవాడిగానే వుండి మగవాణ్ణి ప్రేమించడం, ఆడది ఆడదాన్ని ప్రేమించడం మూడవది. దానికి నడకతోనూ గొంతుతోనూ నిమిత్తం లేదు. పహిల్వానులలో వుండవచ్చు, పట్టాలు పుచ్చుకున్న డాక్టర్లలో వుండవచ్చు. మా వరండాలో ఈల వేసినవాడికి ఈ మూడూ ఒకటే మాట.

మాట అంటే గుర్తుకు వచ్చింది. తెలుగు మాస్టరును గనక ఒక్క క్షణం ఓపిక పట్టండి. మన వార్తాపత్రికలు ఈ మూడవ కోవవారికి "స్వలింగ సంపర్కులు" అని పేరు పెట్టాయి. ఎంత మోటుగా వుందో చూడండి! ఇద్దరు మనుషులు పాతికేళ్లు ఒకరికొకరు మందులు తెచ్చి ఇచ్చుకుంటూ, కరెంటు బిల్లు కట్టుకుంటూ బతికినా, ఆ మాట వారి బతుకులో ఒక్క పనిని పట్టుకొని మనిషి నుదుట అంటించింది. మీ అమ్మాయి పెండ్లి పత్రికలో వధూవరులను "భిన్నలింగ సంపర్కులు" అని అచ్చు వేయించి బంధువులకు పంచండి, తెలుస్తుంది ఆ సమాసం సొగసు! ఈ మధ్య కొందరు "స్వలింగ ప్రేమికులు" అంటున్నారు, అది నయం. చదువుకున్న కుర్రకారు "గే" అని ఇంగ్లీషు మాటే వాడుతున్నారు. తిట్టు కాని మాట తెలుగులో దొరక్క వారు అటు పోయారంటే తప్పు వారిది కాదు.

×  ×  ×

తారల గుట్టు రట్టు చేసి బతికే వ్యాపారం మనవైపు ఎలా నడిచిందో తెలియాలంటే 1940 ప్రాంతాల మద్రాసుకు వెళ్లాలి. తెలుగు సినిమా కూడా ఆ వూళ్లోనే వుండేది అప్పుడు. లక్ష్మీకాంతన్ అనే ఆయన "సినిమా తూతు" అని అరవంలో ఒక పత్రిక పెట్టాడు. నటీనటుల ఇళ్లలో ఎవరు ఎవరితో వున్నారు, ఎవరు ఎక్కడికి పోయారు, ఇదీ అందులో సరుకు. అచ్చులో చూసుకోవడం ఇష్టం లేనివారు ముందే డబ్బు ముట్టజెప్పి నోరు మూయించవలసి వచ్చేదని ఆ కాలపు కథనాలు చెబుతున్నాయి. నటులు గవర్నరుకు మొరపెట్టుకొని ఆ పత్రిక అనుమతి రద్దు చేయించారు. అతడు "హిందూ నేశన్" పేరుతో మళ్లీ మొదలుపెట్టాడు. 1944 నవంబరు 8న వేపేరిలో రిక్షాలో పోతూవుండగా ఎవరో కత్తితో పొడిచారు. మరునాడు ఆసుపత్రిలో చనిపోయాడు.

పోలీసులు పట్టుకున్నవారిలో ఇద్దరి పేర్లు విని దక్షిణదేశం నోరు తెరిచింది. ఒకరు ఎం. కె. త్యాగరాజ భాగవతార్. ఆయన "హరిదాస్" మద్రాసులో మూడు దీపావళులు చూసిన చిత్రం. రెండవవారు హాస్యనటుడు ఎన్. ఎస్. కృష్ణన్. ఇద్దరికీ యావజ్జీవ ద్వీపాంతరవాసం విధించారు. వ్యవహారం లండనులో ప్రివీ కౌన్సిలుదాకా వెళ్లి, మళ్లీ విచారణ జరిగి, 1947లో నిర్దోషులని వదిలిపెట్టారు. కాని భాగవతార్ గొంతు విప్పితే జనం విరగబడే రోజులు తిరిగి రాలేదు, 1959లో పోయారు. హంతకుడెవరో ఈనాటికీ తేలలేదు. ఆ పత్రికను నాలుగణాలకో రెండణాలకో కొని, చాటుగా చదివి, పక్కవాడికి అందించిన వేలాది పెద్దమనుషుల పేర్లు మాత్రం ఏ ఛార్జిషీటులోనూ ఎక్కలేదు.

లక్ష్మీకాంతన్ రాసినవి స్త్రీపురుషుల కథలే. కాని యంత్రం అదే. అమెరికాలో 1952లో మొదలైన "కాన్ఫిడెన్షియల్" అనే పత్రిక ఆ యంత్రాన్నే మన ప్రస్తుత విషయంమీదికి తిప్పింది. 1955లో టాబ్ హంటర్ అనే అందగాడైన కుర్రనటుడి మీద ఒక పాత పోలీసు కేసు తవ్వి, అతడు ఎలాంటివాడో పాఠకుడికి అర్థమయ్యేటట్టు వేసింది. అతడు తన నోటితో తన సంగతి రాసుకోవడానికి 50 సంవత్సరాలు పట్టింది. ఆత్మకథ 2005లో వచ్చింది. అప్పట్లో అతడికన్నా పెద్ద తార రాక్ హడ్సన్. ఆరడుగుల పైమాట ఎత్తు, అమెరికా ఆడపిల్లల కలల్లో రాజకుమారుడు. ఆయనమీదా గుసగుసలు బయలుదేరాయి. 1955 నవంబరులో ఆయనకు పెండ్లయింది. వధువు ఆయన ఏజెంటు ఆఫీసులో కార్యదర్శిగా పనిచేసే ఫిలిస్ గేట్స్. గుసగుసలను అణచడానికే ఆ పెండ్లి కుదిర్చారని లోకం అన్నది. మూడేళ్లలో విడాకులు. తాను మాత్రం ప్రేమించే పెండ్లాడానని ఆమె తరవాత పుస్తకం రాసుకున్నది.

ఆడపిల్లలను కన్న తల్లిదండ్రులు ఈ పత్రిక చదువరులలో ఎందరో వున్నారు. వారు రాక్ హడ్సన్ గురించి కాక ఒక్క నిమిషం ఫిలిస్ గేట్స్ గురించి ఆలోచించాలని నా మనవి. ఆ గుసగుసకు పన్ను కట్టింది ఆమె కూడాను. హడ్సన్ సంగతి లోకానికి తెలిసింది 1985లో. ఎయిడ్స్ జబ్బుతో పారిస్ ఆసుపత్రిలో వున్నప్పుడు. ఆ అక్టోబరు 2న మరణించాడు.

లిబరాచీ కథ ఇంకొక తీరు. మెరుపుల కోట్లు తొడుక్కొని పియానో వాయించే ఆ విద్వాంసుణ్ణి లండను "డెయిలీ మిర్రర్" ఎత్తిపొడిచింది. ఆయన పరువునష్టం దావా వేసి, 1959లో బోనెక్కి, ప్రమాణం చేసి, తాను అలాంటివాణ్ణి కానన్నాడు. కోర్టు నమ్మింది; 8,000 పౌన్లు ఇప్పించింది. ఆయన చెప్పింది నిజం కాదని తరవాత తేలింది. బోనులో అబద్ధం ఆడినందుకు ఆయన్ను మెచ్చుకోను గాని, నిజం చెబితే అదే దేశపు చట్టం ప్రకారం నేరస్థుడయ్యే మనిషిచేత ప్రమాణం చేయించడంలోని తమాషా చూడండి. ఇంగ్లండులో ఆ చట్టం సడలింది 1967లో.

ఆ చట్టపు తమ్ముడే మనదాకా వచ్చిన 377వ సెక్షను. 1860లో తెల్లదొరలు రాసిన శిక్షాస్మృతిలోది. రాసినవారు తమ దేశంలో మార్చుకున్నా మనం మాత్రం భద్రంగా దాచుకున్నాం. 2009లో ఢిల్లీ హైకోర్టు, పెద్దలు ఇష్టపడి ఏకాంతంలో చేసేదానికి అది వర్తించదన్నది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టివేసింది. మళ్లీ 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ నేరాన్ని తుడిచివేశారు. ఆ వ్యాజ్యానికి పేరు ఇచ్చినవారు నవతేజ్ సింగ్ జోహార్ అనే భరతనాట్య కళాకారుడు. 2024 జులై నుంచి అమలులోకి వచ్చిన కొత్త న్యాయసంహితలో ఆ సెక్షనే లేదు.

"బాహుబలి"ని హిందీవారికి అందించిన కరణ్ జోహర్‌ను మనవాళ్లూ ఎరుగుదురు. ఆయన 2017లో ఆత్మకథ ప్రచురించాడు. అప్పటికి ఆ సెక్షను ఇంకా బతికేవుంది. తానేమిటో అందరికీ తెలుసుననీ, ఆ మాట తన నోట పలికితే జైలులో పెట్టగల దేశంలో వున్నాను గనక పలకననీ రాశాడు. చెప్పీ చెప్పకుండా చెప్పాడని కొందరు విసుక్కున్నారు. నాకు మాత్రం అందులో పిరికితనం కనబడలేదు. తన గుమ్మం ఎంతవరకు తెరవాలో నిర్ణయించుకొనే హక్కు ఇంటివాడిది.

గుమ్మం పూర్తిగా తెరిచిన మనిషి కూడా మనకు దగ్గరలోనే వుంది. హైదరాబాదులో నాగపురి రమేష్‌గారి దగ్గర పరుగు నేర్చిన ద్యుతీ చంద్. ఒడిశాలో జాజ్‌పూర్ జిల్లా చేనేత కుటుంబపు పిల్ల. 2014లో ఆమె ఒంట్లో మగవారి హార్మోను ఎక్కువ వున్నదని కామన్వెల్తు క్రీడలకు పంపకుండా ఆపేశారు. ఆడదా కాదా అని దేశమంతా చర్చించింది. ఆ పిల్లకు అప్పుడు 18 ఏళ్లు! అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్లి 2015లో గెలిచింది. 2018లో జకర్తా ఆసియా క్రీడల్లో 100, 200 మీటర్ల పరుగుల్లో రెండు రజతాలు తెచ్చింది. 2019 మే నెలలో పత్రికలవారి ముందు, తాను తన వూరి అమ్మాయిని ప్రేమిస్తున్నానని చెప్పింది. అంతటి స్థాయి క్రీడాకారిణి ఎవరూ మన దేశంలో అప్పటికి ఆ మాట అనలేదు.

ఎందుకు చెప్పింది? ధైర్యం అన్నారు, ప్రచారం అన్నారు. ఆమె చెప్పిన కారణం వేరు. ఈ సంగతి అడ్డుపెట్టుకొని తోబుట్టువే డబ్బుకు వేధిస్తున్నదని ఆమె ఆరోపణ. ఆ అక్క కథ మరో విధంగా చెప్పింది. అందులో నిజానిజాలు తేల్చడం మన పని కాదు. కాని బెదిరింపు అనేది ఎప్పుడు పనిచేస్తుంది? బయట పడితే కొంప మునుగుతుందన్న భయం వున్నప్పుడే. ఆ భయాన్ని తయారుచేసేది టీ బంకు దగ్గర కన్ను గీటే మనమే. లక్ష్మీకాంతన్ వ్యాపారానికి పెట్టుబడీ అదే. ద్యుతి నలుగురిలో చెప్పేసరికి ఆ పెట్టుబడి కాస్తా చిత్తుకాగితమైంది. రెండు నెలలకు నేపుల్సులో ప్రపంచ విశ్వవిద్యాలయాల పోటీల్లో 100 మీటర్లు 11.32 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకం తెచ్చింది.

2023లో నిషిద్ధ మందు వాడిందని తేలి నాలుగేళ్లు పోటీలనుంచి వెలివేశారు. అప్పుడు "చూశారా, చూశారా" అన్నవారున్నారు. ఏమి చూడాలో నాకు అర్థం కాలేదు. మందు వాడిన ఆటగాళ్ల పట్టీ తీస్తే అందులో పెండ్లాం బిడ్డలున్నవారు ఎందరో!

పేరు పోయినా, డబ్బు పోయినా చెప్పుకున్నవారి వల్లనే తరవాతివారికి దారి ఏర్పడింది. టెన్నిసు రాణి బిల్లీ జీన్ కింగ్ సంగతి 1981లో ఒక పాత స్నేహితురాలు వేసిన దావావల్ల బయటపడితే, ప్రకటనల ఒప్పందాలన్నీ ఒక్క రోజులో పోయాయని ఆమె చెప్పుకున్నది. మన హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఆచార్యులుగా పనిచేసిన కవి హోషంగ్ మర్చంట్ తాను ఎవరో దాచుకోకుండానే పాఠాలు చెప్పారు. 1999లో "యారానా" పేరుతో ఈ కోవ రచనలు దేశంలో మొట్టమొదటిసారి ఒకచోట చేర్చి అచ్చు వేయించారు. ఆ సంవత్సరాల్లో ఒక అధ్యాపకుడు అంత పని చేయడమంటే ఏమిటో, అధ్యాపక వృత్తిలో వున్నవాడిగా నేను వూహించగలను. హైదరాబాదులోనే కాపురమున్న సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబరులో అయినవాళ్ల మధ్య వేడుక చేసుకొన్నారు. ఆ ముడికి చట్టం గుర్తింపు ఇవ్వాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 అక్టోబరు 17న కోర్టు, అది శాసనసభలు చేయవలసిన పని అని కాదన్నది. పునర్విచారణ విన్నపాలూ 2025 జనవరిలో తోసివేశారు.

తెలుగు తెర అగ్రతారలలో మాత్రం ఇంతవరకు ఎవరూ తమంతట తాము ఇలాంటి మాట చెప్పలేదు. చెప్పవలసినవారు వున్నారో లేదో మనకు అనవసరం. చెప్పదలచినవాడికి మన సినిమా ఏమి భరోసా ఇచ్చింది? నడుం తిప్పుతూ వచ్చి హీరో భుజంమీద చెయ్యి వేసి చెంపదెబ్బ తినే హాస్యపాత్ర! ఏళ్ల తరబడి చూసి నవ్వాం. 2018లో నాని నిర్మించగా ప్రశాంత్ వర్మ తీసిన "అ!" చిత్రంలో ఒక అమ్మాయి తన తల్లిదండ్రులను హోటలుకు పిలిచి, తాను పెండ్లాడదలచిన మనిషిని చూపిస్తుంది, ఆ మనిషి మరొక అమ్మాయి. తల్లిదండ్రులు బిత్తరపోతారు, వాదిస్తారు. మాట్లాడుకుంటారు మొత్తానికి. మాట్లాడుకోవడం మన తెరమీద అదివరకు కనబడని వింత.

×  ×  ×

ఇంత దూరం వచ్చాక ఒక సంగతి చెప్పాలి. నా దగ్గర డిగ్రీ చదివి, ఇప్పుడు బెంగుళూరులో కంపెనీ ఉద్యోగం చేస్తున్న శిష్యుడొకడు ఉగాదికి వచ్చి, చీకటి పడేదాకా కూర్చొని, తనను గురించి చెప్పాడు. ఇది రాయమన్నవాడూ అతడే. ఆనవాళ్లు మాత్రం మార్చమన్నాడు, మార్చాను. "బాహుబలి" రెండవ భాగం వచ్చిన రోజుల్లో ఒక సాయంత్రం వాళ్లింట్లో టీవీలో కరణ్ జోహర్ కనిపించాడట. నాయన ఒక మాట అన్నాడు. చిన్నాయన దానికి తోక తగిలించాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. "అందరికన్నా గట్టిగా నేను నవ్వినాను సార్. నవ్వకపోతే నా తట్టు చూస్తారేమోనని."

అతడి నాయన చెడ్డవాడు కాడు. కొడుకు ఫీజుకోసం రెండు ఆవుల్ని అమ్మినవాడు. ఆ సాయంత్రం తాను బొంబాయిలో ఎవరినో అన్నానని ఆయన అనుకున్నాడు. ఆ మాట బొంబాయి చేరలేదు. మూడడుగుల దూరంలో చాపమీద కూర్చొన్న పిల్లవాడిదగ్గరే ఆగిపోయింది. ఆ కుర్రవాడికి ఇప్పుడు 26 ఏళ్లు. ఇంట్లో నోరు విప్పాలని అనుకున్నప్పుడల్లా ఆ నవ్వు వినిపిస్తుందట.

మొన్న మాఘమాసంలో ఆయన మా ఇంటికి వచ్చాడు. కొడుకులను పెండ్లికి ఒప్పించమని నా దగ్గరికి వచ్చే తండ్రులు ఏటా అరడజనుమంది వుంటారు గనక, ఇది చదివినా ఆయన తనను పోల్చుకోలేడు.

"మావోడు పెండ్లి మాటెత్తితే ఫోను పెట్టేస్తా వుండాడు సార్. మంచి సంబంధం వచ్చిండాది. పిల్ల బి.యిడి. చదివింది, మన దిక్కుదే. మీ మాటంటే వాడు వింటాడు. రెండు మాటలు చెప్పండి."

నేను కాఫీ అందించి వూరుకున్నాను. నాకు తెలిసింది నాది కాదు. కొడుకు నా దగ్గర దాచుకున్న సొత్తు. అది ఆయనకు ఇవ్వడానికి నాకు హక్కు లేదు. అలాగని, వాణ్ణి ఒప్పిస్తానని మాట ఇస్తే, ఆ బి.యిడి. చదివిన పిల్లను నేనెరిగి నూతిలోకి తోసినట్టే.

"అన్నా, వాణ్ణి ఒప్పించే పని నాకు పెట్టొద్దు," అన్నాను. "సంబంధంవాళ్లకు కొన్నాళ్లు ఆగమని చెప్పు. నువ్వు బెంగుళూరు పో. వాడి గదిలో రెండు రోజులుండు. పెండ్లి మాట ఎత్తొద్దు. వాడు ఏమి చెబితే అది విను."

"ఏమి చెబుతాడు సార్?"

"వాడు చెప్పాలి గదా!"

ఆయన నా ముఖంలోకి కాసేపు చూశాడు. ఏమి చదివాడో నాకు తెలియదు. పిలక ముడి వేసినంత గట్టిగా తువ్వాలు తలకు చుట్టుకొని లేచాడు. మెట్లు దిగి, మళ్లీ వెనక్కి తిరిగి, బెంగుళూరుకు పొద్దున మొదటి బస్సు మదనపల్లెలో ఎన్ని గంటలకని అడిగాడు.